ఖాళీ ఆకాశం లెక్క



మా మాస్టారి స్మారకోపన్యాసం చెయ్యమని పిలుపు వచ్చిన రోజున నేను బీరువా తెరిచి ఒక పాత ఫిజిక్స్ పుస్తకం తీశాను. దాని పేజీల మధ్య ఒక పాలిథీన్ ముక్క ఉంది. ఇదిగో, ఇదే. అరచేయంత ఉంటుంది. మందం మిల్లీమీటరులో దాదాపు నలభయ్యో వంతు. ఉల్లిపొరలా ఉంటుంది, ఊదితే లేచిపోతుంది. ఇన్నేళ్లలో కాస్త పసుపెక్కింది గానీ చిరగలేదు. ఇది మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే న్యూట్రాన్ తారల సంగతి ఎత్తుకోవాలి. ఆ సంగతి చెప్పాలంటే ముందు మాస్టారి ల్యాబులోకి వెళ్లాలి.

డిగ్రీ రెండో ఏడులో మాకు గైగర్ కౌంటర్ ప్రయోగం ఉండేది. రేడియోధార్మిక పదార్థం దగ్గర పెడితే టిక్ టిక్‌మని లెక్క చెప్పే గొట్టం. మేమంతా ఆ పదార్థం ఎప్పుడు పెడతారా అని చూస్తుంటే, మాస్టారు దాన్ని సీసపు డబ్బాలోనే ఉంచి, డబ్బాను పక్క గదిలోకి పంపించేశారు. "ఇప్పుడు గంటసేపు లెక్క రాయండిరా" అన్నారు. ఎదురుగా ఏమీ లేదు. అయినా కౌంటర్ కొట్టుకుంటూనే ఉంది. నిమిషానికి ఇరవై, ఒకసారి పదిహేడు, ఒకసారి ఇరవైనాలుగు. గోడల్లోంచి, నేలలోంచి, ఆకాశంలోంచి వచ్చి తగిలే కణాల చప్పుడది. గంటయ్యాక మాస్టారు వచ్చి, "ముందు ఏమీ లేనిదాన్ని కొలవడం నేర్చుకోండి. ఉన్నది తర్వాత దానంతటదే తెలుస్తుంది" అన్నారు. ఈ రోజు నేను చెప్పబోయే అరవై ఏళ్ల చరిత్ర మొత్తం ఆ గంటలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

1962 జూన్ 18. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, వైట్ శాండ్స్. రికార్డో జక్కోని, హెర్బర్ట్ గర్‌స్కీ, ఫ్రాంక్ పౌలీనీ, బ్రూనో రోసీ అనే నలుగురు ఒక చిన్న రాకెట్టులో గైగర్ కౌంటర్లు పెట్టి పైకి పంపారు. మా ల్యాబులో ఉన్నవాటికి దగ్గరి చుట్టాలే అవి. చంద్రుడి మీద సూర్యకిరణాలు పడితే అక్కడి రాళ్లలోంచి ఎక్స్-కిరణాలు వస్తాయేమో చూడాలన్నది వాళ్లు చెప్పుకున్న పని. నక్షత్రాల నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయని నమ్మినవాళ్లు అప్పట్లో బహు తక్కువ. ఎందుకంటే మన సూర్యుడు ఇచ్చే ఎక్స్-కిరణాలు ఎంతో మనకు తెలుసు. అదే సూర్యుణ్ణి మిగతా నక్షత్రాలంత దూరంలో పెడితే ఆనాటి పరికరాలకు ఆనవాలు కూడా దొరకదు. రాకెట్టుకు గాలి పైన దొరికిన సమయం ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. ఆ కాస్తలోనే, చంద్రుడు లేని దిక్కున, వృశ్చిక రాశి వైపు తిరిగినప్పుడల్లా కౌంటర్ల లెక్క ఉవ్వెత్తున లేచింది. ఆ మూలానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. జ్యేష్ఠ నక్షత్రం మీకు తెలుసు కదా, వృశ్చికం గుండెలో ఎర్రగా ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగించి జ్యేష్ఠకు ఉత్తరంగా పెడితే, ఆ పిడికిలి అవతలి అంచున ఉంటుందది. కంటికి కనపడదు. 1966లో పెద్ద దూరదర్శినులతో వెతికితే అక్కడ ఒక బక్క నీలిచుక్క దొరికింది. మామూలు వెలుగు రూపంలో అది ఇచ్చేదానికంటే దాదాపు వెయ్యిరెట్ల శక్తిని ఎక్స్-కిరణాలుగా గుమ్మరిస్తోంది.

అంత శక్తి ఎక్కణ్ణించి వస్తోంది? నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మార్చి వెలుగుతాయని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ దారి ఇక్కడ చాలదు. 1967లో సోవియట్ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ సూటిగా ఒక మాట రాశాడు: అక్కడ రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, వాటిలో ఒకటి న్యూట్రాన్ తార, పక్క తారలోని వాయువు దాని మీద పడుతోంది, ఆ పడటంలోనే ఈ వెలుగు పుడుతోంది అని. అప్పటికి న్యూట్రాన్ తారను ఎవరూ చూడలేదు. 1934లో బాడే, జ్వికీ అనే ఇద్దరు అలాంటిది ఉండొచ్చని కాగితం మీద ఊహించారు, అంతే. తిరిగే న్యూట్రాన్ తారలైన పల్సార్ల వార్త లోకానికి తెలిసింది 1968లో. అంటే ష్క్లోవ్‌స్కీ చీకట్లో చెయ్యి పెట్టి సరిగ్గా తాళంచెవినే పట్టుకున్నాడన్నమాట.

ముందు వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లల కోసం ఇక్కడ కాస్త ఆగుతాను. న్యూట్రాన్ తారంటే సూర్యుడి కంటే బరువైన ముద్ద, సుమారు పాతిక కిలోమీటర్ల అడ్డకొలతలో కుదించుకుపోయినది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లోపల పెడితే ఇంకా చుట్టూ బోలెడు చోటు మిగులుతుంది. దాని మీదికి ఏదైనా పడితే కాంతివేగంలో సగానికి మించిన వేగంతో వచ్చి పడుతుంది. రెండు వేరుశనగ పలుకులు, అంటే ఒక గ్రాము, దాని మీద పడ్డాయనుకోండి. మన కరెంటు మీటరు లెక్కలో చెబితే సుమారు 40 లక్షల యూనిట్ల శక్తి బయటికి వస్తుంది. అదే గ్రాము హైడ్రోజన్‌ను సూర్యుడిలోలాగా హీలియంగా మారిస్తే రెండు లక్షల యూనిట్లు కూడా రాదు. కాల్చడం కంటే పడేయడమే ఎక్కువ శక్తినిస్తుందన్న ఈ సంగతి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. స్కార్పియస్ ఎక్స్-1 ఇచ్చే శక్తి సూర్యుడిచ్చే శక్తికి యాభై వేల రెట్ల పైమాటే.

ఇక కఠిన ఎక్స్-కిరణాలంటే ఏమిటి? ఎక్స్-కిరణాల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తాం. దాన్ని కె.ఇ.వి. అందాం. జక్కోని బృందం 1962లో చూసినవి కొద్దిపాటి కె.ఇ.వి.లవి, మృదువైనవి. ఇరవై కె.ఇ.వి. దాటినవాటిని కఠినమైనవి అంటాం. న్యూట్రాన్ తార ఉపరితలం కోటి డిగ్రీల పైన కాగుతున్నా, ఆ వేడికి పుట్టే ఫోటాన్లలో ఎక్కువ భాగం మృదువైనవే. కఠినమైనది కావాలంటే ఫోటాన్ దారిలో ఇంకా వేడిగా, ఇంకా వేగంగా పోతున్న ఎలక్ట్రాన్లకు పదేపదే తగిలి, తగిలినప్పుడల్లా కాస్త శక్తి పుంజుకుంటూ పోవాలి. ఆ భాగ్యం అన్నింటికీ పట్టదు. అందుకే శక్తి పెరిగేకొద్దీ ఫోటాన్ల సంఖ్య గబగబా పడిపోతుంది. ఆ కొద్దిపాటి కఠిన ఫోటాన్లే, తార అంచున వాయువు ఏం చేస్తోందో, అక్కడి అయస్కాంతం ఎంత బలమైనదో చెప్పగలిగేవి.

ఇంకో సంగతి కూడా వాటికి కలిసొచ్చింది. భూమి మీది గాలి ఎక్స్-కిరణాలను కిందికి రానివ్వదు. నలభై కిలోమీటర్ల ఎత్తుకు వెళితే, గాలిలో వెయ్యి పాళ్లకు మూడు పాళ్లే నెత్తిన మిగులుతుంది. ఆ మూడు పాళ్లను కూడా పది కె.ఇ.వి. కిరణం దాటలేదు. యాభై కె.ఇ.వి. కిరణాల్లో మాత్రం సగం దాకా దాటేస్తాయి. అంటే కఠిన కిరణాలు చూడాలంటే రాకెట్టు అక్కర్లేదు, బెలూన్ చాలు. రాకెట్టు ఇచ్చే ఆరు నిమిషాల చోట బెలూన్ గంటల తరబడి ఇస్తుంది. మన కథ హైదరాబాద్‌కు వచ్చింది ఈ దారినే.

హోమీ భాభా కాలం నుంచే టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు విశ్వకిరణాల కోసం హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేస్తున్నారు. మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగిరేవి, తర్వాత ఇ.సి.ఐ.ఎల్. దగ్గర శాశ్వత కేంద్రం కట్టుకున్నారు. ఈ చోటుకు ఒక వరముంది. భూమి అయస్కాంతానికి మధ్యరేఖ మన దక్షిణాదికి దగ్గరగా పోతుంది. అంతరిక్షం నుంచి వచ్చే విద్యుత్కణాల్లో చాలావాటిని ఆ అయస్కాంతం ఇక్కడ పక్కకు తోసేస్తుంది. టెక్సాస్‌లోనో, యూరప్‌లోనో ఎగిరే డిటెక్టర్‌కు తగిలేంత రొద హైదరాబాద్ మీద తగలదు. మాస్టారి మాటల్లో చెబితే, మన ఆకాశంలో "ఏమీ లేనిది" తక్కువ. పైగా వృశ్చికం మనకు దక్షిణాన బాగా పైకి లేస్తుంది. బి.వి. శ్రీకంఠన్ ఆధ్వర్యంలో పి.సి. అగ్రవాల్ మొదలైనవాళ్ల బృందం 1968 ఏప్రిల్ 28న హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ స్కార్పియస్ ఎక్స్-1ను కఠిన ఎక్స్-కిరణాల్లో చూసింది.

బెలూన్ ఎగరేయడం చూసినవాళ్లు ఈ సభలో ఒకరిద్దరైనా ఉంటారు. గాలి నిలకడగా ఉండే వేళ చూసుకుని, తెల్లవారకముందే హైడ్రోజన్ నింపడం మొదలుపెడతారు. కిందనుంచి చూస్తే పైన చిన్న బుడగ, దాని కింద వేలాడే పొడవాటి తోక. నింపింది కొంచెమే, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి అదే ఉబ్బి పెద్దదవుతుంది. దారిలో పదహారు పదిహేడు కిలోమీటర్ల దగ్గర సున్నాకు ఎనభై డిగ్రీల దిగువ చలి. మన ఉష్ణమండలం మీద ఆ పొర యూరప్ మీది కంటే చల్లన. అక్కడ పాలిథీన్ పెళుసెక్కి పగిలిపోతే అంతా పోయినట్టే. ఆ చలికి తట్టుకునే పాలిథీన్ కావాలి. నా చేతిలో ఉన్నది ఆ జాతిదే.

పని అయ్యాక పెట్టెను గొడుగు కట్టి కిందికి వదులుతారు. గాలి ఎటు తీసుకుపోతే అటు, ఏ జిల్లాలోనో, ఏ చేలోనో పడుతుంది. అందుకే పేపర్లో ప్రకటన వేసేవారు: ఫలానా జిల్లాల ప్రజలకు ఇలాంటి పెట్టె కనిపిస్తే ముట్టుకోవద్దు, విప్పొద్దు, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పండి అని. ఆ ప్రకటనను మాస్టారు కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించేవారు. ఒక సంక్రాంతి ముందర మా ఊరి పక్క జొన్నచేలో నిజంగానే పెట్టె పడింది. మాస్టారు సైకిలేసుకుని వచ్చేశారు. జనాన్ని నాలుగడుగుల అవతల నిలబెట్టి, జీపు వచ్చేదాకా ఎండలో దాని పక్కనే కూర్చున్నారు. ఒక పెద్దాయన వచ్చి, "ఏంది సారూ, బాంబా?" అని అడిగితే, "కాదు పెద్దయ్యా, తేలు చుక్కల్లో ఉన్నదాన్ని చూసొచ్చింది" అన్నారు. ఆయన తలెత్తి మిట్టమధ్యాహ్నపు ఆకాశాన్ని చాలాసేపు చూశాడు. బెలూన్ పాలిథీన్‌ను జనం గడ్డివాముల మీద కప్పుకోవడానికి తీసుకుపోయారు. తుమ్మచెట్టుకు చిక్కుకుని మిగిలిన ముక్కను మాస్టారు నాకిచ్చారు.

ఇక ఉహురు సంగతి. 1970 డిసెంబర్ 12న, కెన్యా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ఆ దేశపు తీరంలోని సముద్ర వేదిక మీంచి ఎగిరిన ఉపగ్రహమది. పేరుకు స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం. అది సెంటారస్ ఎక్స్-3ను చూసినప్పుడు ఎక్స్-కిరణాలు 4.8 సెకన్లకోసారి తళుక్కుమంటున్నాయి. ఆ 4.8 సెకన్లు కూడా నిలకడగా లేవు. కాసేపు తళుకులు దగ్గరపడతాయి, కాసేపు దూరమవుతాయి. పైగా 2.1 రోజులకోసారి దాదాపు సగం రోజు మొత్తం మాయమవుతాయి. మన వైపు వస్తూ, మన నుంచి పోతూ, పెద్ద తార వెనక్కి దాక్కుంటూ తిరుగుతున్న చిన్న తార అది. ష్క్లోవ్‌స్కీ ఊహ దీంతో కళ్ల ముందుకొచ్చింది. అయితే న్యాయంగా చెప్పాలంటే, ఉహురు ఎగరడానికి రెండు నెలల ముందే వాల్టర్ లూవిన్ బృందం ఆస్ట్రేలియాలో ఎగరేసిన బెలూన్‌కు కఠిన ఎక్స్-కిరణాల్లో ఒక లయ దొరికింది. జి.ఎక్స్. 1+4 అనే మూలం రెండు నిమిషాల పైచిలుకుకోసారి ఎక్కి దిగుతోంది. నిదానంగా తిరిగే న్యూట్రాన్ తార గుండెచప్పుడు అదేనని తర్వాత తేలింది. చరిత్ర పుస్తకాల్లో ఉపగ్రహాలకు దక్కే చోటు బెలూన్లకు దక్కదు. నాకది బాధగానే ఉంటుంది.

ఈ కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం హెర్క్యులిస్ ఎక్స్-1ది. 1.24 సెకన్లకోసారి తళుక్కుమనే తార అది. 1976 మేలో జర్మనీ నుంచి యోఆఖిమ్ ట్రుంపర్ బృందం తమ డిటెక్టర్‌ను టెక్సాస్‌లోని పాలెస్టీన్ అనే ఊరికి తెచ్చి బెలూన్‌లో ఎగరేసింది. గీసిన గ్రాఫులో అందరూ అనుకున్నట్టు లెక్క నున్నగా పడిపోవాలి. కానీ 58 కె.ఇ.వి. దగ్గర ఒక గుట్ట కనిపించింది. ఇలాంటిది కనిపిస్తే మొదటి అనుమానం పరికరం మీదికే పోవాలి. డిటెక్టర్ చుట్టూ కవచంగా వాడే బరువైన లోహాలు తమ సొంత ఎక్స్-కిరణాలు ఇస్తాయి. గుట్ట వాటిదే కావచ్చు కదా? ఈ ప్రశ్నకు జవాబు ఆ 1.24 సెకన్లలో దొరికింది. డిటెక్టర్ లోహానికి నక్షత్రంతో పాటు తిరగాల్సిన పనిలేదు. తళుకు ఉన్నప్పటి లెక్కలోంచి లేనప్పటి లెక్కను తీసేసినా గుట్ట నిలబడిందంటే, అది నక్షత్రానిదే. మా ల్యాబులో గంటసేపు ఖాళీ లెక్క రాయించిన మాస్టారి పాఠం అక్షరాలా ఇదే.

ఆ గుట్ట దేనివల్ల? న్యూట్రాన్ తార అయస్కాంతం పడుతున్న వాయువును కాలువ కట్టినట్టు తన ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అక్కడ కిలోమీటరంత చోట వాయుస్తంభం లేస్తుంది. అంత గట్టి అయస్కాంతంలో ఎలక్ట్రాన్లు తమ ఇష్టమొచ్చినట్టు గుండ్రంగా తిరగలేవు. మెట్లు మెట్లుగా లెక్కగట్టిన శక్తులే వాటికి చెల్లుతాయి. మెట్టుకు మెట్టుకు మధ్య ఎంత తేడా ఉందో సరిగ్గా అంత శక్తి ఉన్న ఫోటాన్‌ను అవి పట్టుకుంటాయి. ఆ మెట్టు ఎత్తు కొలిస్తే అయస్కాంతం బలం తెలిసిపోతుంది. పదేళ్ల కింద ఎవరూ నమ్మని తార అయస్కాంతాన్ని నలభై కిలోమీటర్ల ఎత్తున ఊగుతున్న బెలూన్ కొలిచింది.

ఆ తర్వాత లెక్కలు ఇంకా నిశితంగా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. 58 దగ్గర ఉన్నది గుట్ట కాదు. దానికి ఇవతల, నలభై కె.ఇ.వి.కి అటూఇటుగా, ఎలక్ట్రాన్లు మింగేసిన లోయ ఉంది. లోయ పక్కనున్న గట్టు వాళ్లకు గుట్టలా కనబడింది, అంతే. గ్రాఫు మారలేదు, చూసే చూపు మారింది. ట్రుంపర్ కనిపెట్టిన విషయం దీనివల్ల చిన్నబోలేదు. తార ఉపరితలం దగ్గర అయస్కాంతం సుమారు నాలుగు లక్షల కోట్ల గాస్ అని తేలింది. మన భూమిది అర గాస్‌కు అటూఇటూ. ఇప్పుడు ఇలాంటి లోయలు ముప్పైకి పైగా తారల్లో తెలుసు. 2022లో చైనా ఉపగ్రహం ఒక తారలో 146 కె.ఇ.వి. దగ్గర లోయ చూసింది. ఆ లెక్కన అక్కడి అయస్కాంతం పదహారు లక్షల కోట్ల గాస్.

స్కార్పియస్ ఎక్స్-1 మాత్రం మొండిఘటం. దాని అయస్కాంతం బలహీనం, తళుకూ లేదు, లోయా లేదు. వాయువు పళ్లెంలా తిరుగుతూ దాదాపు ఉపరితలం దాకా వచ్చేస్తుంది. అయినా వందకు పైన కె.ఇ.వి.ల దాకా సాగే ఒక కఠినమైన తోక కొన్ని బెలూన్లకు కనిపించింది, కొన్నింటికి కనిపించలేదు. ఇరవై ముప్పై ఏళ్లు ఈ వాదన నడిచింది. ఒకరి పరికరాన్ని ఇంకొకరు అనుమానించారు. 2001లో వచ్చిన ఒక ఉపగ్రహ పరిశీలనలో అదే పరికరం పదహారుసార్లు చూస్తే ఐదుసార్లు తోక కనిపించింది, మిగతా పదకొండుసార్లు లేదు. అంటే తోక వచ్చిపోతూ ఉంటుంది. పాత బెలూన్‌వాళ్లలో చూశామన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు, చూడలేదన్నవాళ్లూ చెప్పలేదు. ఆ తోక ఎక్కడ పుడుతుందన్నది ఇంకా తెగలేదు.

మన దేశం వైపు చూస్తే, 1975లో ఆర్యభట ఎక్స్-కిరణాల పరికరం మోసుకుపోయింది గానీ కరెంటు సరఫరా చెడి నాలుగైదు రోజులకే పరిశీలనలు ఆగిపోయాయి. 1996లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐ.ఆర్.ఎస్.-పి3 మీద ఒక చిన్న ప్రయోగం బాగానే నడిచింది. అసలు పని మాత్రం 1990ల మొదట్లో హైదరాబాద్ బెలూన్ల మీద జరిగింది. జినాన్ వాయువు నింపిన పెద్ద డిటెక్టర్లు ఎగరేసి, ఆస్ట్రేలియా బెలూన్ ఒకప్పుడు పట్టుకున్న ఆ జి.ఎక్స్. 1+4నే మళ్లీ చూశారు. ఆ డిటెక్టర్ల తర్వాతి తరమే 2015 సెప్టెంబర్ 28 ఉదయం పది గంటలకు శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్‌లో ఎగిరింది. మూడు జినాన్ పెట్టెలు, 3 నుంచి 80 కె.ఇ.వి.ల దాకా చూపు. ఆస్ట్రోశాట్ కక్ష్య భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే ఉంటుంది. ఎందుకంటే అక్కడ కణాల రొద తక్కువ. హైదరాబాద్ బెలూన్లకు మన అయస్కాంత మధ్యరేఖ ఏ సాయం చేసిందో ఆ సాయమే ఈ ఉపగ్రహం కూడా తీసుకుంది. మూడు పెట్టెల్లో ఒకటి గ్యాస్ కారిపోయి 2018లో ఆగిపోయింది. మిగిలినవాటితో పని సాగించారు. ఖాళీ ఆకాశం వైపు తిప్పి తీసిన లెక్కలు లేకపోతే ఆ మిగిలిన లెక్కలకు విలువే ఉండేది కాదు.

ఆ ఉపగ్రహం చూసినవాటిలో హెర్క్యులిస్ ఎక్స్-1 కూడా ఉంది. దాని లోయ ఒక చోట కుదురుగా లేదు. 1990ల నడుమ సుమారు 41 కె.ఇ.వి. దగ్గర ఉన్నది 2012 నాటికి 37 దాకా జారింది. తర్వాత జారడం ఆగిపోయింది. ధ్రువం మీద పోగుపడే వాయువు అక్కడి అయస్కాంతాన్ని మెల్లమెల్లగా పక్కకు నెడుతోందా, నెట్టిన గుట్ట ఒకసారి కూలి మళ్లీ మొదటికొస్తుందా అని ఆ లోయను ఏటేటా కొలుస్తున్నారు. ఇంటర్ పిల్లలూ, మీరు పీహెచ్‌డీకి వచ్చేనాటికి ఆ గ్రాఫులో ఇంకొన్ని చుక్కలు చేరి ఉంటాయి.

నా మాటలు అయ్యాయి. ఈ పాలిథీన్ ముక్కను ముందు వరస నుంచి వెనక్కి పంపిస్తున్నాను. అందరూ ఒకసారి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. గట్టిగా లాగకండి. ఇది తిరిగి నా దగ్గరికి చేరేలోపు మీ ప్రశ్నలు అడగండి.